బాకీ వేరు, ధర వేరు

2025 నవంబర్ 27 సాయంత్రం నేను ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉన్నాను. లాప్‌టాప్‌లో ఆఫీసు కాల్ మ్యూట్‌లో నడుస్తోంది, ఫోన్‌లో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం. మా నాయన పక్కన కూర్చుని పది నిమిషాలకోసారి "మన పాప వచ్చిందా?" అని అడుగుతున్నాడు.

మన పాప అంటే శ్రీ చరణి. మ్యాపులో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళనీ గీతలతో కలిపితే వచ్చే త్రికోణం లోపల ఆర్టీపీపీ పొగగొట్టాలు ఉంటాయి. చరణి వాళ్ళ నాన్న పనిచేసేది ఆ థర్మల్ ప్లాంటులో. వాళ్ళ ఊరు ఎర్రమల్లె, వీరపునాయునిపల్లె మండలం, ఆ త్రికోణానికి కొంచెం తూర్పుగా. మా నాయనకి ఆ అమ్మాయితో చుట్టరికం లేదు, ఆమె ఆడుతుంటే గ్రౌండులో చూసిందీ లేదు. అయినా మన పాపే.

చివరికి పేరు వచ్చింది. ఢిల్లీ క్యాపిటల్స్ కోటీ ముప్పై లక్షలకి కొనుక్కుంది. అంతకుముందు సీజన్లో ఆమె ఆడిందీ ఢిల్లీకే. నాయన సంతోషపడ్డాడు. ఆ వెంటనే ఆయనలోని గుమాస్తా మేలుకున్నాడు. ముప్పై ఏళ్ళు బంగారం అంగట్లో పద్దులు రాసిన మనిషి మరి.

"ఇన్నాళ్ళూ వాళ్ళ దగ్గరే ఉన్న పాపను వదిలేసి, మళ్ళా వాళ్ళే కొనేదేందిరా? ఇదేం బేరం?"

నేను రూల్స్ చెప్పాను. పాత కాంట్రాక్టులు అయిపోయాయి. ఒక్కో జట్టు ఎక్కువలో ఎక్కువ ఐదుగుర్ని ఉంచుకోవచ్చు, మిగతా అందరూ వేలానికి వెళ్ళాల్సిందే. ఢిల్లీ జెమీమా రోడ్రిగ్స్, షెఫాలీ వర్మ, అనాబెల్ సదర్లాండ్, మరిజాన్ కాప్, నిక్కీ ప్రసాద్‌లని ఉంచుకుంది. ఐదుగుర్నీ ఉంచుకున్న జట్టుకి 'రైట్ టు మ్యాచ్' కార్డు ఉండదు. అంటే వేరే జట్టు పాడిన ధరకి 'మా అమ్మాయిని మాకివ్వండి' అనే హక్కు లేదు. అందరితోపాటు చెయ్యెత్తి పాడుకోవాలి. పాడుకున్నారు.

"అంటే పాప మీద ప్రేమతో కాదు."

"కాదు నాయనా. వచ్చే సీజన్లో ఈ పాప వేసే ఓవర్లకి అంత ధర."

నాయనకి ఇది సుళువుగానే అర్థమైంది. అంగట్లో రోజూ చూసిందే. ఎవరో ఒకామె పాత గాజులు తెచ్చి "ఇవి మా అమ్మ పెట్టినవి" అంటుంది. అంగడాయన మర్యాదగా వింటాడు. తూకం మాత్రం ఆ మాట వినదు. తరుగు తీసి, ఆ రోజు ధర కట్టి చేతిలో పెడతారు. అందులో మోసం లేదు. ఆమె జ్ఞాపకం అబద్ధమూ కాదు. అంగడివాళ్ళ దగ్గర దానికి పద్దు లేదు, అంతే.

నాయన అడిగింది బేరం గురించి. ఆ ప్రశ్న నాకు వేరే చోట తగిలింది. కాంట్రాక్టు అయిపోయిన మనిషిని జట్టు మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్నది లెక్కల ప్రశ్నా, నీతి ప్రశ్నా? ఆ మనిషి అప్పటిదాకా చేసిన పనికి జట్టు ఏమైనా బాకీ పడుతుందా? పడితే ఆ బాకీ ఎలా తీరుతుంది?

చరణి విషయంలో ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. 2025 సీజన్లో ఢిల్లీ ఆమెని తీసుకున్నది 55 లక్షలకి, ఆడించింది రెండు మ్యాచ్‌లు. తర్వాత ఇంగ్లండ్‌లో ఐదు టీ20ల్లో 10 వికెట్లు తీసింది, ప్రపంచకప్‌లో 14 తీసింది. నవంబర్ 2న నవీ ముంబైలో మన జట్టు కప్పు గెలిచాక, రాష్ట్ర ప్రభుత్వం ఆమెకి రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. అది కృతజ్ఞత. జరిగిపోయినదానికి ఇచ్చింది. అదే నెలాఖరులో వేలంలో పలికిన కోటీ ముప్పై లక్షలు జరగబోయేదానికి కట్టిన ధర. రెండు పద్దులు, రెండు వేర్వేరు చేతులు. ఢిల్లీకి ఆమె మీద పెద్ద పాత బాకీ ఏమీ లేదు. ఆమె ఓవర్లు కావాలి, కొన్నది. నా లెక్కలో సరైన పనే చేసింది. ఇక్కడ నీతి ప్రశ్న తలెత్తదు.

తలెత్తేది ఆ రెండు పద్దులూ ఒకే మనిషి పేరు మీద, ఒకే పేజీలో ఉన్నప్పుడు.

సన్‌రైజర్స్ అభిమానులకి ఆ పేజీ బాగా తెలుసు. భువనేశ్వర్ కుమార్ 2014 నుంచి 2024 దాకా, పదకొండు సీజన్లు, హైదరాబాద్‌కి ఆడాడు. 2016లో మనం కప్పు గెలిచిన ఏడాది 23 వికెట్లతో పర్పుల్ క్యాప్, మరుసటి ఏడాది 26 వికెట్లతో మళ్ళీ అదే. 2024 మేలో రాజస్థాన్ మీద ఉప్పల్‌లో ఆఖరి బంతికి రెండు పరుగులు కావాల్సి ఉండగా పావెల్‌ని ఎల్బీ చేసి ఒక్క పరుగుతో గెలిపించాడు. ఆ రాత్రి నేను అరిచిన అరుపుకి పై ఫ్లోరు వాళ్ళు వాట్సాప్‌లో కంప్లయింట్ పెట్టారు.

ఆ ఏడాది చివర మెగా వేలం. హైదరాబాద్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్ కుమార్ రెడ్డిలని ఉంచుకుంది. నవంబర్ 24న జెద్దాలో మొదటి రోజు షమీని పది కోట్లకి, హర్షల్ పటేల్‌ని ఎనిమిది కోట్లకి కొంది. సంచీలో డబ్బు చాలావరకు ఆ రోజే అయిపోయింది. రెండో రోజు భువీ పేరు వచ్చేటప్పటికి ధర 10.75 కోట్లకి వెళ్ళింది, బెంగళూరు తీసుకెళ్ళింది. గమనిస్తే హైదరాబాద్ భువీకి 'వద్దు' అని నేరుగా అన్న క్షణం ఒకటంటూ లేదు. ముందురోజు ఇంకో ఇద్దరికి 'కావాలి' అన్నప్పుడే ఆ 'వద్దు' అయిపోయింది. పెద్ద నిర్ణయాలు చాలావరకు ఇలాగే జరుగుతాయి. ఎవరూ కాదనరు, బడ్జెట్ అయిపోతుంది.

అప్పుడు నేను ఆ నిర్ణయాన్ని గట్టిగా సమర్థించాను. ఫ్రెండ్స్‌తో వాదించాను. ముప్పై నాలుగేళ్ళు, వేగం తగ్గింది, 2024లో తీసినవి 11 వికెట్లే, సెంటిమెంటుకి పది కోట్లు పెట్టలేం అన్నాను. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. 2025లో భువీ బెంగళూరుకి 17 వికెట్లు తీశాడు. జూన్ 3న అహ్మదాబాద్‌లో ఫైనల్, పదిహేడో ఓవర్లో రెండు వికెట్లు తీసి పంజాబ్‌ని కట్టేశాడు, బెంగళూరు మొదటిసారి కప్పు గెలిచింది. మన షమీ తొమ్మిది మ్యాచ్‌లలో ఆరు వికెట్లు తీశాడు. ఫ్రెండ్స్ నా పాత మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి పంపించారు.

అయినా ఒక మాట. ఫలితాన్ని బట్టి నిర్ణయానికి మార్కులు వెయ్యడం అన్యాయం. తాగి బండి నడిపినవాడు క్షేమంగా ఇల్లు చేరితే వాడు చేసింది మంచి పని అవదు. షమీ కూడా అంతకుముందు 2023 సీజన్లో పర్పుల్ క్యాప్ గెలిచినవాడే. ఆ రోజు తెలిసినదాన్ని బట్టి అది తప్పు లెక్కేమీ కాదనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ "లెక్క తప్పు కాదు కాబట్టి ఇందులో ఇంకేం లేదు" అని కూడా అనుకున్నాను. అక్కడ పొరబడ్డాను. అది నాకు క్రికెట్ నేర్పలేదు.

ఆ వేలానికి ఏడాది ముందు మా టీంలో ఒక కాంట్రాక్టు టెస్టర్ ఉండేవాడు. జమ్మలమడుగాయన, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "అబ్బీ" అనేవాడు. నేను చేరిన కొత్తలో అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఏ లాగ్ ముందు చూడాలో, ఎవరిని నిద్ర లేపాలో, ఎవరిని లేపకూడదో నేర్పింది ఆయనే. కొన్నాళ్ళకి టెస్టులు చాలావరకు ఆటోమేషన్‌కి వెళ్ళాయి. మేనేజరు నన్ను పిలిచి, ఆయన కాంట్రాక్టు రెన్యూ చెయ్యాలా వద్దా, నువ్వు చెప్పు అన్నాడు. నేను ఒక షీటు తయారుచేశాను. ఎన్ని బగ్గులు, ఎంత సమయం, ఎంత ఖర్చు. అక్కర్లేదని రాశాను. ఇప్పుడు ఆ షీటు తెరిచినా అదే రాస్తాను.

తర్వాత ఆరు వారాలు రోజూ ఆయనతో కలిసి లంచ్ చేశాను, చెప్పలేదు. కాన్ఫిడెన్షియల్ అన్నారు, నిజమే. చెప్పడానికి పర్మిషన్ అడిగి ఉండొచ్చు, అడగలేదు, అదీ నిజమే. మధ్యలో ఒకరోజు ఆయనే కదిలించాడు. "ఇంకోచోట ఆర్నెల్ల పని ఉందంటాండారు. మనకు రెన్యువల్ వస్తే ఎందుకులే అని చూస్తాండా. వస్తాది కదా అబ్బీ?" నేను పెరుగన్నం కలుపుకుంటూ "చూద్దాం అన్నా" అన్నాను. ఆ 'చూద్దాం'ని ఆయన అవునని విన్నాడు. ఆ పని వదులుకున్నాడు. మూడు వారాలకి మెయిలొచ్చింది. తర్వాత నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

ఇది మా అమ్మకి చెప్తే ఆమె ఇంకో కథ చెప్పింది. అమ్మది పులివెందుల దగ్గర పల్లె. మా తాత ఇంట్లో జీతగాళ్ళని ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడుకునేవాళ్ళు. ఒకాయన తొమ్మిదేళ్ళు చేశాడు. నడుం పట్టేసి మునుపటిలా మడక పట్టలేకపోతున్నాడు. ఆ ఉగాదికి తాత ఆయన్ని పిలవలేదు, ఇంకొకణ్ణి కుదుర్చుకున్నాడు. ఆయన పండగరోజు సాయంత్రందాకా అరుగు మీద కూర్చుని, చీకటిపడ్డాక లేచి వెళ్ళాడట. అప్పటికే మిగతా ఇళ్ళల్లో మనుషులు కుదిరిపోయారు. తర్వాత తాత ఒక మూట జొన్నలు పంపించాడు.

"జొన్నలు ఇచ్చినాం కదా అనేటోడు మీ తాత," అంది అమ్మ. "నెల ముందర చెప్పింటే ఆయప్ప ఇంకో ఇంట్లో కుదిరిండేటోడు అనేది మీ అవ్వ. చచ్చేదాకా అనింది ఆ మాట."

నేను చాలాకాలం తిరిగిన ప్రశ్నకి అవ్వ ఒక్క మాటలో జవాబు చెప్పేసింది. తాత ఆయన్ని మళ్ళీ పెట్టుకోవాల్సిందే అని అవ్వ అనలేదు. మడక పట్టలేని మనిషిని మడక పనికి పెట్టుకోవడం న్యాయమూ కాదు, దయా కాదు. పక్కన రెండెడ్ల పని ఒక్కడి మీద పడుతుంది. జొన్నలు కూడా చెడ్డవి కావు. కానీ బాకీ ఉన్నది జొన్నల్లో కాదు. చెప్పకపోవడం వల్ల ఆయన పోగొట్టుకున్నది ఒక నెల రోజులు, ఆ నెలలో తన దారి తాను చూసుకునే అవకాశం. అన్న దగ్గర నేను తీసుకున్నదీ అదే.

మనం ఇలాంటి చోట వాడే మాట 'విశ్వాసం'. ఆ మాట ఎప్పుడూ కిందివాళ్ళ వైపుకే చూపిస్తాం. జీతగాడు విశ్వాసంగా ఉండాలి, ఆటగాడు జట్టుకి విశ్వాసంగా ఉండాలి. తాత విశ్వాసంగా ఉన్నాడా అని ఎవరూ అడగలేదు. పైగా, వెళ్ళడానికి దారి లేనివాడు ఉండిపోతే అది విశ్వాసం ఎలా అవుతుంది?

అమెరికన్ ఫుట్‌బాల్లో ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది. రెజీ వైట్ అని ఒక పాస్ రషర్. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపు గోడ బద్దలుకొట్టుకుని వెళ్ళి అతన్ని పడగొట్టడం పాస్ రషర్ పని. మన ఫాస్ట్ బౌలర్ల లాగే, వాళ్ళకీ ముప్పై దాటితే ప్రతి కాంట్రాక్టు ఒక జూదం. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి ఎనిమిది సీజన్లు ఆడాడు. కాంట్రాక్టు అయిపోయినవాడు నచ్చిన జట్టుకి వెళ్ళే స్వేచ్ఛ కోసం లీగ్ మీద నడిచిన దావా అతని పేరు మీదే ఉంది. 1993లో ఆ స్వేచ్ఛ వచ్చాక ఊరూరా తిరిగి జట్లని చూసుకుని, చివరికి గ్రీన్ బేకి సంతకం పెట్టాడు. 1997 జనవరిలో గ్రీన్ బే సూపర్ బౌల్ గెలిచింది, ఆ ఫైనల్లో అతను మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. ఫిలడెల్ఫియా అతన్ని ఉంచుకోవాల్సిందా? ఆట ప్రకారం తప్పకుండా. అయితే నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది, గ్రీన్ బేని ఎంచుకున్నది అతను.

మన వేలంలో ఆ సగం లేదు. ధర మాత్రం ఉంది. భువీ బెంగళూరుని ఎంచుకోలేదు, చరణి ఢిల్లీని ఎంచుకోలేదు. అదే రోజు ప్రపంచకప్ ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ దీప్తి శర్మ పేరు వచ్చినప్పుడు ముందు చెయ్యెత్తింది ఢిల్లీ ఒక్కటే, అదీ కనీస ధర 50 లక్షలకి. ఆమెని వదులుకున్న యూపీ వారియర్జ్ రైట్ టు మ్యాచ్ అంది, ఢిల్లీ ఏకంగా 3.2 కోట్లకి పెంచింది, యూపీ అదీ కట్టి వెనక్కి తీసుకుంది. ఒకే మనిషి ధర ఒకటి రెండు నిమిషాల్లో ఆరింతలు దాటింది. ఆ రెండు నిమిషాల్లో దీప్తి మారలేదు. వదిలేయడం అంటే విలువ తెలియకపోవడం అని నేను అనను. యూపీ ఒక్కర్నే ఉంచుకుని, మిగతావాళ్ళని వేలంలో తెచ్చుకుందామని ప్లాన్ వేసుకుంది. కాకపోతే ఆ ప్లాన్‌లో ఎంపిక అంతా జట్లదే.

దీనికి ఒక మంచి అభ్యంతరం ఉంది. మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు: "అన్నీ ధరే అయితే 'మన జట్టు' అనేది ఎక్కడుంది? ఏటా మనుషులు మారిపోతే నేను దేనికి అరవాలి, జెర్సీ రంగుకా?" నిజమే. మా నాయన 'మన పాప' అనడం వెనక ఉన్నది ధర కాదు. పాతవాళ్ళని ఎలా పంపిస్తారో చూసే కొత్తవాళ్ళు ఎంత ప్రాణం పెట్టాలో నిర్ణయించుకుంటారు, అదీ నిజమే. కాబట్టి బాకీ లేదని నేను అనడం లేదు. ఉంది. అది సీటు రూపంలో తీరేది కాదంటున్నాను. పాతికమంది జట్టులో కృతజ్ఞతకి ఒక సీటిస్తే, ఆ సీటు కోసం చూస్తున్న ఇరవై ఏళ్ళ పిల్లవాడెవడో మన బాకీ కడుతున్నాడన్నమాట. చరణికి ఆ రెండు మ్యాచ్‌లు దొరికాయంటే ఎవరో ఒకరి సీటు ఖాళీ అయితేనే కదా. ఇక సీటు తీసుకున్న పెద్దాయనకి మాత్రం అదేం గౌరవం? తను ఆటకి ఉన్నాడో జ్ఞాపకానికి ఉన్నాడో ప్రతి మ్యాచ్‌లో అనుమానమే.

అందుకే, మళ్ళీ తీసుకోవాలా అని నన్నడిగితే, రాబోయే ఓవర్లు ఆ ధరకి తగినవైతే తీసుకోండి, కాకపోతే వద్దు అంటాను. గతాన్ని ఆ తూకంలో వెయ్యకండి. కానీ గతం వల్ల ఒక పని మీద పడింది, అది చెయ్యండి. తీసుకోవట్లేదని మీకు తెలిసిన రోజే, ఇంకా వేరే తలుపులు తెరిచి ఉండగానే, మొహం చూసి చెప్పండి. బాకీ అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం కాదు.

వేలం రాత్రి అన్న మెసేజ్ పెట్టాడు, రెండేళ్ళ తర్వాత: "పాప మళ్ళా ఢిల్లీకే అంటనే. మంచి ధర." సెలవుకి ఊరొచ్చి ఉన్నాడు. ఆదివారం బస్సెక్కి జమ్మలమడుగు వెళ్ళాను. టీ అంగడి దగ్గర నిలబడి, ఆరు వారాల ముందే నాకు తెలుసు అన్నా, అన్నాను.

"తెలుసులే అబ్బీ," అన్నాడు. "ఆఖర్లో నువ్వు అన్నం తినేటప్పుడు నా పక్క చూడకపోతివి. అప్పుడే అనుకుంటి. ఆ సరికే ఆ పని వేరేవాళ్ళకి పోయింది." టీ తాగి, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మా టీంలో మార్చిలో ఇద్దరి కాంట్రాక్టులు అయిపోతున్నాయి. ఒకరినే ఉంచుకోగలం. ఆఫీసుకి తిరిగి వెళ్ళిన సోమవారం ముందు మేనేజరుని అడిగి, తర్వాత ఆ రెండో అబ్బాయిని మీటింగ్ రూంలోకి పిలిచి చెప్పాను. కాసేపు టేబుల్ వైపే చూశాడు.

"ఎన్ని రోజులుంది?" అన్నాడు.

"మూడు నెలలు."

"సరే," అని లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయాడు. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.